ఊ కొట్టిన పెట్టె

మా అక్క కథ చెప్తుంటే ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, ఎంత బతిమాలినా మళ్ళీ మొదలుకాదు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఎండలోకి పోకుండా అమ్మ మా ఇద్దర్నీ వసారాలో చాప మీద పడుకోబెట్టేది. అక్క నాకంటే అయిదారేళ్ళు పెద్ద. నన్ను కదలకుండా ఉంచాలంటే కథ ఒక్కటే దారని దానికి తెలుసు. ఒక రాజు ఉన్నాడు అనేది. నేను ఊ అనేదాన్ని. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు అనేది. ఊ. ఉక్కపోతకి కళ్ళు మూతలు పడిపోయేవిగాని ఊ మాత్రం ఆగేది కాదు. నిద్రలో కూడా నోరు దాని పని అది చేసుకుపోయేది.

అక్క మామూలుది కాదు. నన్ను పట్టుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టింది. కథ మధ్యలో గొంతు ఏమాత్రం మార్చకుండా, "అప్పుడు రాజు నీ పలక తినేశాడు" అనేది. మెలకువగా ఉంటే దిగ్గున లేచి కూర్చుని, నా పలక వాడెందుకు తింటాడని గొడవకి దిగేదాన్ని. నిద్రపోయి ఉంటే ఊ అనేదాన్ని. లేచాక ఇంక చూసుకోండి, "ఇది దొంగ ఊ కొట్టింది" అని ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వించేది. నాకు ఏడుపొచ్చేది, దాని జడ పట్టుకుని లాగేదాన్ని.

చాలా ఏళ్ళ తర్వాత కోకాపేటలో ఒక అద్దాల మేడలో, సగం అంతస్తు అద్దెకి తీసుకున్న చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం. ఆస్పత్రి మంచాల పక్కన పెట్టే ఒక పెట్టెని తయారుచేసేవాళ్ళం. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. రోగి గుండె, ఊపిరి కనిపెట్టి చూసే మానిటర్ నుంచి ఒక తీగ మా పెట్టెలోకి వస్తుంది. ఆక్సిజన్ తగ్గినా, గుండె లయ తప్పినా మానిటర్ ఆ తీగ మీద చెప్తుంది. మా పెట్టె ఆ కబురుని వార్డు చివర నర్సులు కూర్చునే చోట ఉన్న తెరకి మోసుకెళ్ళి, అక్కడ గంట మోగించాలి. దాని బతుక్కి అదొక్కటే పని.

ఆ తీగ తగిలించే చోటుని సీరియల్ పోర్టు అంటారు. పేరు వింటే ఏదో అనుకుంటారుగాని అది చాలా పాత పద్ధతి. ఒక్కో అక్షరం ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తుంది. అటువాడికీ ఇటువాడికీ కలిపి ఒక గడియారం ఉండదు. అటువాడు ఎప్పుడు నోరు విప్పుతాడో ఇటువాడికి తెలియదు. సగం మాట చెప్పి ఆగిపోవచ్చు, ఎంతసేపటికీ ఏమీ చెప్పకపోవచ్చు. అందుకని ఇటువైపు ప్రోగ్రాం ఎప్పుడూ ఒక చెవి అటు పడేసి ఉండాలి. అలాగని తక్కిన పనులన్నీ మానేసి గుడ్లప్పగించి కూర్చుంటే కుదరదు. కాబట్టి పెట్టెలో పనిని ముగ్గురికి పంచాం. ఒకడు వింటాడు, ఒకడు బదులు చెప్తాడు, ఒకడు కబురు మోస్తాడు. ఎవడికి పని తగిలితే వాడు లేస్తాడు, లేనప్పుడు పక్కకి తప్పుకుని ఇంకొకడికి చోటిస్తాడు. మనుషులు కాదు లెండి, ప్రోగ్రాంలో ముక్కలు. నేను మాత్రం మనుషుల్లాగానే అనుకునేదాన్ని.

మేం ప్రోగ్రాం రాసే భాషది మహా చాదస్తం. ఒకే తీగని ఇద్దరు పట్టుకుంటే ఒప్పుకోదు. వినే కొస ఒకడికి, మాట్లాడే కొస ఇంకొకడికి విడదీసి ఇచ్చేదాకా మన ప్రోగ్రాంని కదలనివ్వదు. ఏ పనైనా చెడిపోయే వీలుంటే, దాని ఫలితం చూసుకున్నావా లేదా అని నిలదీస్తుంది. ఆ చాదస్తానికే నేను పడిపోయాను. మా అక్క లాంటిదే ఇదీ అనుకునేదాన్ని.

మానిటర్ ఏదైనా ప్రమాదం చెప్పగానే, అందిందని పెట్టె బదులివ్వాలి. బదులు వస్తే, అవతల విన్నారు కాబట్టి నేను అరవక్కర్లేదని మానిటర్ ఊరుకుంటుంది. రాకపోతే తనే గొంతెత్తి కుయ్యోమని మొత్తుకుంటుంది. ఆ బదులుకి పుస్తకాల్లో అక్నాలెడ్జ్‌మెంట్ అని బారెడు పేరు. చేరిన కొత్తలో నేను దాన్ని ఊ అన్నాను. సాయంత్రానికల్లా అందరి నోటా అదే. ఊ వచ్చిందా, ఊ ఎందుకు లేటైంది, ఈ ఊ ఎవరు రాశారు. మా టీం లీడ్ గోదావరి మనిషి, మర్యాదస్తుడు, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఆయన కూడా పెద్దవాళ్ళ మీటింగుల్లో మన ఊ బాగానే పనిచేస్తోందండి అని చెప్పి, వాళ్ళు తెల్లమొహాలు వేస్తే నవ్వేవారు.

మా పెట్టెల్ని మొదట పెట్టి చూసిన ఆస్పత్రుల్లో ఒకటి చందానగర్ వైపు ఉంది. మా అక్క అక్కడే స్టాఫ్ నర్సు. మీ పెట్టె మా వార్డుకొచ్చిందే అని అది ఫోన్ చేసినప్పుడు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. వారం తిరక్కుండానే విసుక్కోవడం మొదలుపెట్టింది. ఆ వార్డులో నెట్‌వర్కు నత్తనడక. మా పెట్టె కబురుని నర్సుల తెరకి చేర్చి వచ్చాకే ఊ అనేది. ఈలోగా బదులు రాలేదని మానిటర్లు అరుపు లంకించుకునేవి. నర్సులు ఒకవైపు పరుగెత్తుకొస్తూనే ఉన్నా ఆ అరుపు ఆగేది కాదు. ముసలివాళ్ళు హడలి చస్తున్నారని నర్సులంతా కలిసి ఫిర్యాదు చేశారు.

మా లీడ్ దానికి మందు కనిపెట్టారు. వినేవాడు మాటలో చివరి అక్షరం వినగానే ముందు ఊ అనిపించేస్తాడు. కబురుని ఆ తర్వాత మోసేవాడి చేతిలో పెడతాడు. దాంతో వార్డు చల్లబడింది. మీ వాళ్ళు పదికాలాలు చల్లగా ఉండాలి, ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది అంది అక్క. నేను ఆ మాట మోసుకెళ్ళి మా లీడ్‌కి చెప్పాను, ఆయన కళ్ళు మూసుకుపోయేలా నవ్వారు.

అక్క వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. శంకర్‌పల్లి అవతల ఏదో ఊరు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, ఊపిరితిత్తులు పాడైపోయాయి. అక్క డ్యూటీకి రాగానే, "తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడట. ఊ అంటే ఊరుకునే మనిషి కాదు. ఏం కూర అని అడిగేవాడట. అక్క నవ్వుతూ చెప్పేది, ఆయన దగ్గర అబద్ధమాడ్డానికి వీల్లేదే, అందుకోసమైనా తినిపోవాలి అని.

ఒక మధ్యాహ్నం తోటి నర్సు భోజనానికి వెళ్ళింది. వార్డు ఆ కొసన ఆపరేషన్ అయిన ఒకామెకి కుట్లు ఊడి రక్తం కారుతుంటే, అక్క తెర వెనక కట్టు కడుతోంది. మధ్యలో ఒకసారి ట్రే కోసం వచ్చి వెళ్ళింది. పెద్దాయన మంచం పక్కనించే దారి. కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకుంది. మానిటర్ నోరెత్తలేదు. అవతల పనంతా అయ్యాక వచ్చి చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఐసీయూకి పరుగున తీసుకెళ్ళారు. మర్నాడు పోయాడు.

కొడుకులు వచ్చి కేకలేశారు. ఆస్పత్రివాళ్ళు మానిటర్ విప్పి చూశారు. ఆక్సిజన్ పడిపోతోందని ఆ మధ్యాహ్నం అది వరసపెట్టి చెప్తూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఎదురుగా అక్నాలెడ్జ్‌డ్ అని ఉంది. మా ఆఫీసులో ఆ మాటకి అర్థం వేరు. వార్డులో దానికి ఒకటే అర్థం, నర్సు చూసి, బటన్ నొక్కి, దాని నోరు మూయించిందని. ఆ వేళ వార్డులో ఉన్న నర్సు మా అక్క ఒక్కతే.

విచారణ తేలేదాకా రావద్దని అక్కని ఇంటికి పంపేశారు. పిలుస్తుంటే రోగి నోరు నొక్కేసిన నర్సు అని ఒకసారి పేరు పడితే ఇంక ఏ ఆస్పత్రీ గడప తొక్కనివ్వదు. అక్కకి వేరే పని రాదు. వచ్చినా చెయ్యదు. మా ఇంట్లో అమ్మ జ్వరం వచ్చి పడుకున్నా మొదట దాని చెయ్యి కోసమే వెతుక్కునేది, అలాంటి చెయ్యి అది.

మొదటి రోజు, నేను నొక్కలేదే అంది. అందులో సందేహం లేదు. రెండు రోజులయ్యాక, నొక్కలేదనే అనుకుంటున్నా అంది. వారానికి, నొక్కానేమోనే అనడం మొదలుపెట్టింది. అదీ నా కడుపు మండే సంగతి. నర్సులు రోజూ ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కుతారో లెక్కలేదు. రోగి పక్కకి దొర్లితే మోగుతుంది, వేలికి పెట్టిన క్లిప్పు జారితే మోగుతుంది. పక్కనించి నడుస్తూనే చెయ్యి దానంతటది వెళ్ళి నొక్కేస్తుంది, మనసుకి తెలియను కూడా తెలియదు. ట్రే కోసం వచ్చినప్పుడు అలాగే నొక్కి ఉంటానేమో అని అక్క తన చేతి వంక చూసుకుంటూ కూర్చునేది. మా బావ అన్నం పెట్టుకొచ్చి ఇస్తే ఎడంచేత్తో పళ్ళెం పక్కకి జరిపేది.

ఆస్పత్రి హెచ్ఆర్ ఆయన దాన్ని పిలిపించి కూర్చోబెట్టి, చాయ్ కూడా ఇప్పించాడట. ఆయన అన్న మాటలు అక్క నాకు యథాతథంగా చెప్పింది.

"చూడుండ్రి సిస్టర్, యాద్ లేదని రాస్తే ఇది పోలీసుల దాంక పోతది. అలవాటుల నొక్కిన కావచ్చు అని రాయుండ్రి. లోపల్లోపల్నే ఖతం చేద్దాం. జర మీ పిల్ల గురించి సోచాయించుండ్రి."

అక్క రాసిచ్చేసింది. నాతో ఒక్క మాట అనలేదు. తర్వాత తెలిసి నేను ఫోన్లో అరిచాను, బుద్ధుందా నీకు అన్నాను. అక్క గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అన్నిసార్లు ఎదురుగా ఆ మాటే ఉందే, ఒక్కటి కూడా వదలకుండా ఉంది, నేను కాకపోతే ఇంకెవరు నొక్కుతారు అంది.

ఒక్కటి కూడా వదలకుండా. ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఏ మనిషీ అలా వదలకుండా ఏ పనీ చెయ్యదు. నర్సు ఒకటి నొక్కుతుంది, రెండు మరిచిపోతుంది, మూడోదానికి తిట్టుకుంటూ వస్తుంది. ప్రతి మాటకీ తడుముకోకుండా బదులిచ్చేది యంత్రం. పొద్దున్నే మణికొండ నుంచి ఆఫీసుకి వెళ్ళే దారంతా ట్రాఫిక్‌లో క్యాబ్ డ్రైవరు ఏదో అడుగుతూనే ఉన్నాడు, నేనేం చెప్పానో నాకు తెలియదు.

పెట్టెలో నా పని నర్సుల తెర వరకే, తీగ వైపు నాది కాదు. అయినా ఒక పెట్టెని తెచ్చి నా బల్ల మీద పెట్టుకుని, నా లాప్‌టాప్‌ని మానిటర్ లాగా దానికి తగిలించాను. దాన్ని ఏం అడగాలి అని ఆలోచిస్తుంటే వసారా గుర్తొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను, రాజు పలక తినేశాడు అని. చివర మాట అయిపోయిందని చెప్పే గుర్తు పెట్టి పంపాను.

పెట్టె ఊ అంది.

బుర్ర ఉన్న వినేవాడైతే, ఇదేం కూత, ఆక్సిజనా నాడా అని తిప్పికొట్టాలి. అది చివరి గుర్తు ఒక్కటే చూసింది, ఊ అంది. తర్వాత ఆ వార్డులో లాగా నెట్‌వర్కుని సగంలో బిగుసుకుపోయేలా చేశాను. కబురు మోసేవాడు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అవతలి నుంచి జవాబు వస్తుందని ఎదురుచూస్తున్నాడు, ఎంతసేపు చూడాలో ఎవరూ వాడికి చెప్పలేదు. వెనక కబుర్లు పోగుపడ్డాయి, పెట్టుకునే చోటు నిండిపోయింది, ఆ పైన వచ్చినవాటిని వినేవాడు కింద పడేశాడు. ఆక్సిజన్ పడిపోతోందని పంపాను. ఊ. ఇంకా పడిపోతోందని పంపాను. ఊ. నర్సుల తెర మీద ఏమీ లేదు, గంట లేదు. ఎన్నిసార్లు పంపినా తీగ మీద ఆ పాడు ఊ ఒక్కటే వస్తోంది.

ప్రోగ్రాం తీసి చూశాను. కబురు మోసేవాడి చేతిలో పెట్టే ఆ వాక్యం దగ్గర, పని చెడిపోవచ్చు, ఫలితం చూసుకో అని ఆ చాదస్తపు భాష అడిగింది. అడక్కుండా ఉండదు. చూడను, నాకక్కర్లేదు అని చెప్పడానికి ఆ భాషలో ఒక అండర్‌స్కోర్ పెడితే చాలు. పెట్టి ఉంది. అడ్డంగా ఒక చిన్న గీత. బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడుపు కాదు, కోపం, రెండూ ఒకేలా వస్తాయి నాకు.

మా లీడ్‌ని పిలిచి చూపించాను. రాజు పలక తినేశాడు అని ఆయన ముందే పంపాను. ఊ రాగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"ఆ ఊ మనదండి. ఆవిడది కాదు."

ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసివ్వమన్నాను. రాస్తాను, తప్పకుండా రాస్తాను అన్నారు. ఆ క్షణంలో నిజంగానే అన్నారు, ఆయన్ని నేనెరుగుదును.

నేను ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే చందానగర్‌లో అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క కూతురి స్కూలు యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే చెప్పేశాను, నువ్వు నొక్కలేదు, మా పెట్టె అన్నిటికీ దొంగ ఊ కొట్టింది, పలక మాట పంపినా ఊ అంది అని. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. అది ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసి, వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

"నువ్వు చిన్నప్పట్నించీ అంతేనే. నన్నెవరైనా ఒక మాటంటే ఊరుకోవు."

"నీ కోసం చెప్పడంలేదక్కా. నిజంగా జరిగిందే చెప్తున్నా."

"నా వేలికి గుర్తుందే," అంది. "ఏసీ గాలికి ఆ బటన్ చల్లగా ఉండటం కూడా గుర్తుంది."

నొక్కని బటన్ చల్లదనం దాని వేలికి ఎలా ఎక్కిందో నాకు తెలుసు. అన్నేళ్ళలో నొక్కిన బటన్లన్నీ కలిసి ఆ ఒక్కటీ అయి కూర్చున్నాయి. పదిసార్లు అడిగారు, తన చేత్తోనే రాయించుకున్నారు, రాసింది చదివి వినిపించారు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఇదంతా దానికి చెప్తే ఓపిగ్గా విని, అన్నం తిని వెళ్ళు అంది.

ఆ ఆదివారం దానితోబాటు చర్చికి వెళ్ళాను. బైబిల్ వాక్యం చెప్పడం అయ్యాక పాస్టరు గారు ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని అడిగారు. జ్వరం తగ్గినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు, ఇల్లు కొన్నవాళ్ళు లేచి చెప్పుకునే వేళ అది. నా పక్కనించి అక్క లేచింది. ముసుగు సర్దుకుంది. మైకు చేతికిస్తే వద్దంది, గొంతు అందరికీ వినపడింది.

"ఒక మనిషి ఊపిరాడక నన్ను పిలిచాడు. నేను ఈ చేత్తో ఆయన పిలుపు ఆపేశాను. దేవుడు నన్ను క్షమించాడు. మీరంతా ఆ పెద్దాయన ఇంటివాళ్ళ కోసం ప్రార్థన చెయ్యండి."

స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నేను పిడికిళ్ళు బిగించుకుని కూర్చున్నాను. లేచి, ఇది అబద్ధం అని అరవాలనుంది. అంతమంది మధ్యలో అక్కని అబద్ధాలకోరుని చెయ్యడానికి నోరు రాలేదు.

బయట చెప్పుల దగ్గర దాని చెయ్యి పట్టుకుని ఆపేశాను. చెయ్యని పనికి నీకు క్షమాపణ ఏంటే అన్నాను. నా గొంతు లేచింది, జనం చూస్తున్నారు. అక్క నన్ను గోడ పక్కకి తీసుకెళ్ళింది. ఎప్పుడూ లేనిది, బతిమాలుతున్నట్టు మాట్లాడింది.

"ఆ మాట చెప్పాకే నాకు కాస్త నిద్రపడుతుందనిపిస్తోంది. అది కూడా లాక్కోకే నా దగ్గర్నించి."

కంపెనీ కాగితం వచ్చింది. మా లీడ్ రాసిన వాక్యం పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళింది, వాళ్ళ దగ్గర్నించి వకీలు దగ్గరికి వెళ్ళింది, తిరిగొచ్చేసరికి దాని రూపం మారిపోయింది. మా పెట్టె తనకి అందిన సందేశాలకి నిర్దేశించిన విధంగా బదులు పంపినదని, వార్డు సిబ్బంది స్పందన గురించి మేము వ్యాఖ్యానించజాలమని ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు, అదే నాకు ఒళ్ళు మండించింది. కింద మా లీడ్ సంతకం. నేను ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఇంట్లో పరిస్థితులు మీకు తెలియవండి" అని మాత్రం అన్నారు, తలెత్తలేదు. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంతో తేలికగా ఉండేది.

నేనే ఆస్పత్రికి రాశాను, నా పేరు పెట్టి, పెట్టెలో జరిగింది చిన్నపిల్లలకి చెప్పినట్టు విప్పి చెప్పి, వచ్చి చూపిస్తానని కూడా రాశాను. హెచ్ఆర్ నుంచి మర్యాదగా జవాబొచ్చింది. సంబంధిత ఉద్యోగి స్వయంగా రాసిచ్చారు కాబట్టి విషయం ముగిసిందన్నారు. మీరు ఆమెకి స్వయానా చెల్లెలు కాబట్టి మీ ఆవేదన అర్థం చేసుకోగలమన్నారు. అక్కని ఉద్యోగంలోంచి తీసేశామని ఎక్కడా అనలేదు, రాజీనామా తీసుకున్నారు. కొడుకులకి చూపించడానికి ఒక మనిషి కావాలి, దొరికింది. ఆ కొడుకులకి కూడా చెప్పాలనుకున్నాను. మీ నాన్న చివరిదాకా పిలిచాడు, ఒక డబ్బా ఆయనకి ఊ కొట్టింది అని ఏ మొహం పెట్టుకుని చెప్పను.

కొన్నాళ్ళకి ఆ కంపెనీ మానేశాను. పౌరుషం కాదు. పక్క బల్లల దగ్గర ఎవరైనా ఊ వచ్చిందా అంటే నేను లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు గచ్చిబౌలిలో వేరే పని, తీగలతో సంబంధం లేదు. మొన్నీమధ్య మా పాత లీడ్ ఫోన్ చేశారు. ఆ వాక్యం మార్చేశామని, అండర్‌స్కోర్ తీసేశామని, కబురు అవతల చేరిందని తేలాకే పెట్టె ఊ అంటోందని, అన్ని ఆస్పత్రుల్లోనూ పెట్టెలన్నీ కొత్తవి చేశామని చెప్పారు. మీకు చెప్పాలనిపించిందండి అన్నారు. సంతోషమండి అన్నాను.

ఆ కబురు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఇల్లు దాటి ఎక్కడికీ పోదు ఇప్పుడు, ఆదివారం చర్చికి తప్ప. చీటికీ మాటికీ ఎదురింటివాళ్ళు బీపీ చూడమని వచ్చేవాళ్ళు, చూడనంటోందని వాళ్ళూ రావడం మానేశారు. బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది. కింద ముంబై హైవే మీద లారీలు పోతున్నాయి, అటు చూస్తోంది. కుడిచేతి చూపుడువేలుని బొటనవేలితో రుద్దుకుంటోంది, చల్లటిదేదో ముట్టుకున్నట్టు.

నేను కింద కూర్చుని మొదలుపెట్టాను. లీడ్ ఫోన్ చేశాడక్కా అన్నాను. ఊ అంది. వాళ్ళే మార్చేశారంటే తప్పు వాళ్ళదని ఒప్పుకున్నట్టేగా అన్నాను. ఊ అంది. ఆ మార్చిన కాగితం ఒక్కటి సంపాదించానంటే మళ్ళీ ఆస్పత్రికి వెళ్తాను, నిన్ను మళ్ళీ వార్డులో నిలబెడతాను, నేను ఊరుకోను అన్నాను. ఊ అంది. వరస తప్పకుండా, ప్రతి మాటకీ, మాట పూర్తికాగానే అంటోంది. దాని మొహంలోకి చూశాను. కళ్ళు లారీల మీదే ఉన్నాయి.

గొంతు ఏమాత్రం మార్చకుండా, "అప్పుడు రాజు నీ పలక తినేశాడు" అన్నాను.

"ఊ," అంది మా అక్క.